పిల్లర్ పెచ్చులూడుతోందా? కార్బన్ గుడ్డ చుట్టే ముందు ఇది చూడండి

[దృశ్యం: చెన్నై, బెసంట్ నగర్. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్. పిల్లర్ అడుగున పెచ్చులూడి కంబి కనిపిస్తోంది]

తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగులుతోంది. దీనిమీదే కార్బన్ ఫైబర్ గుడ్డ చుట్టేస్తే పిల్లర్ కొత్తదిలా ఉంటుంది. కానీ సముద్రపు ఉప్పు, తేమ లోపలే ఉంటే తుప్పు ఆగదు, పైగా ఇక కంటికి కనపడదు. అసలు పనంతా చుట్టకముందే ఉంది.

[దృశ్యం: బీముల కింద జాకీలు]

ముందు జాకీలు పెట్టి బరువు తగ్గించండి. ఫైబర్ తనంతట తాను బరువు మోయదు. పిల్లర్ నలిగి పక్కలకు ఉబ్బబోయినప్పుడే బిగిసి పట్టుకుంటుంది.

గుల్ల కాంక్రీటునంతా, కంబి వెనక 20 మి.మీ. దాకా కొట్టేయండి. కంబి మెరిసేదాకా తుప్పు తీసి, జింక్ ప్రైమర్ కొట్టండి. పావు వంతు అరిగిపోయిన కంబికి కొత్తది జోడించాలా లేదా అన్నది ఇంజనీరు తేల్చాలి. తర్వాత పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం) పూడ్చి, క్యూరింగ్ చేసి, బాగా ఆరనివ్వండి.

[దృశ్యం: గ్రైండర్‌తో మూల గుండ్రంగా చేయడం, దగ్గరగా]

చాలాచోట్ల తేడా వచ్చేది ఇక్కడే. పదునైన మూల దగ్గర ఫైబర్ తెగుతుంది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ చెప్పే కనీస వ్యాసార్థం 13 మి.మీ. మీరు 25 చేయించండి. చదరపు పిల్లర్‌లో పట్టు మూలల దగ్గరే గట్టిగా ఉంటుంది, మధ్యలో తక్కువ. ఒక వైపు రెండోదానికి రెట్టింపు దాటినా, 900 మి.మీ. మించినా, చుట్టుతో మోసే బలం పెరుగుతుందని లెక్క వేయకూడదు.

పోగులు పిల్లర్ చుట్టూ అడ్డంగా రావాలి. నిలువు పోగులు బిగించవు. చివర 200 మి.మీ. ఒకదానిమీద ఒకటి ఎక్కించండి. రెండో పొర అతుకు వేరే వైపు ఉండాలి. గుడ్డను అంటించే జిగురు ఎపాక్సీ. చెన్నై ఎండలో అది బకెట్‌లోనే వేడెక్కి గట్టిపడిపోతుంది. తూకం వేసి కొద్దికొద్దిగా కలపండి, గాలి పోయేదాకా రోలర్ నొక్కండి.

[దృశ్యం: నాణెంతో తట్టడం]

ఎపాక్సీ గట్టిపడ్డాక తట్టి చూడండి. 'టక్' అంటే అంటుకున్నట్టు, 'డబ్' అంటే లోపల గాలి. ఆ గాలి ఉన్న చోటు 36 మి.మీ. పొడవు, అంతే వెడల్పు లోపు అక్కడక్కడా ఉంటే పర్వాలేదు. మించితే లోపలికి ఎపాక్సీ ఎక్కించాలి. 127 మి.మీ. పొడవు, అంతే వెడల్పు దాటితే ఆ ముక్క కోసి, కొత్తది అతికించాలి. అతుకును లాగి చూసే పరీక్షలో పట్టు 1.4 మెగాపాస్కల్ (చదరపు సెం.మీ.కు సుమారు 14 కిలోల లాగుడు) రావాలి, తెగడం కాంక్రీటులోనే జరగాలి.

చివరి పూత పచ్చిగా ఉండగానే ఇసుక చల్లితే ప్లాస్టరింగ్ పట్టుకుంటుంది. మామూలు ఎపాక్సీ 60–80 డిగ్రీలకే మెత్తబడుతుంది, అందుకే ఈ రక్షణ. తర్వాత సీసీ కెమెరా కోసమో, పైపు క్లాంపు కోసమో ఆ పిల్లర్‌కు ఎవరినీ డ్రిల్ పెట్టనివ్వకండి. ఆ రంధ్రం దగ్గర పోగులు తెగిపోతాయి.