గాడి ఎక్కడుంది?

(విజయవాడలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పేర్లన్నీ ఇందాకే చదివారు, మళ్ళీ చదవను. ఆర్కిటెక్చర్‌లో ఉన్న అవకాశాల గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి ఈ ఐదేళ్ళలో మీకు చాలామంది చెబుతారు. నేను బిల్డింగ్ కన్‌స్ట్రక్షన్ సబ్జెక్టు గురించి చెప్పాలి.

మా రోజుల్లో డిజైన్ కోసం రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళం. కన్‌స్ట్రక్షన్ షీట్లు మాత్రం తెల్లవారుజామున పక్కవాడివి చూసి దించేసేవాళ్ళం. నేనూ దించాను. దాని ఫలితం గుంటూరులో కనిపించింది.

సొంతంగా గీసిన మొదటి ఇల్లు. నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, గోడలు బీటలిస్తాయి. ఆ భయంతో అండర్ రీమ్డ్ పైల్స్ వేయించాను. నేల లోతుకి దింపే పునాది స్తంభాలవి, అడుగున గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తయారుచేసిన పద్ధతి. ఒక్క బీట రాలేదు. కానీ మొదటి వానలకే ఇంటావిడ ఫోన్ చేశారు. "బాబూ, కిటికీ పైన గోడంతా చెమ్మ."

వెళ్ళేసరికి ఇంకా వాన పడుతోంది. మేస్త్రి గారు స్టూలెక్కి సన్‌షేడ్ అడుగున వేలు పెట్టి మెల్లగా లాగారు. అంచున రాలిపోవాల్సిన చుక్క రాలకుండా, అడుగునే పట్టుకుని గోడ దాకా పాకుతోంది. దాని వెనక ఇంకో చుక్క.

"గాడి ఎక్కడుంది సార్?" అన్నారు.

నా డ్రాయింగ్‌లో లేదు. ప్లాస్టరింగ్ రోజున ఆయన అడిగారు కూడా, గాడి తీయమంటారా అని. డ్రాయింగ్‌లో ఉన్నట్టే చేయమన్నాను. అంచుకి కాస్త లోపలగా, సిమెంటు పచ్చిగా ఉండగానే సన్న కడ్డీ ఒత్తి తీస్తే వచ్చే గాడి అది. చుక్క దాన్ని దాటలేక అక్కడే తెగి కిందపడుతుంది. అంతే. పైసా ఖర్చు లేని పని. నేను ఆ అంచులన్నీ చెక్కించి, నా డబ్బుతో మళ్ళీ పూత వేయించాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ఆ ఇళ్ళ పిల్లలు ఈ హాల్లో ఉంటే, ఇటుక నీళ్ళని ఎలా పట్టుకుంటుందో వాళ్ళకి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. అమ్మా, మీరు చూసింది క్లాసులో చెప్పండి. మొహమాటపడకండి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక్కటే అడుగుతాను మాస్టారూ. మొదటి సెమిస్టర్‌లోనే ఈ పిల్లల చేత ఇంగ్లీష్ బాండ్‌లో, అంటే ఒక వరస ఇటుకలు గోడ పొడవునా, దాని పై వరస గోడకి అడ్డంగా పేరుస్తూ, తొమ్మిదంగుళాల గోడ కట్టించండి. నేర్పడానికి ఒక మేస్త్రిని పిలవండి. ఈ శాలువా ఆయనకి కప్పండి. బయటినుంచి వచ్చే ప్రొఫెసర్‌కి ఎంత ఇస్తారో ఆయనకీ అంతే ఇవ్వండి.

పిల్లలూ, ఈసారి వాన పడినప్పుడు హాస్టల్ సన్‌షేడ్ అడుగున వేలు పెట్టి చూడండి. గాడి ఉందో లేదో నాకు చెప్పండి. నమస్కారం.