ముల్కోవాల్ సీసా

అధ్యక్షులవారికి, గ్రంథాలయ సభ్యులకు నమస్కారం. మానవ చరిత్రలో మహమ్మారుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఏథెన్సు నుంచి మొదలుపెట్టాలని కాగితం మీద రాసుకొచ్చాను గానీ, ముప్ఫై ఏళ్లు ప్రయోగశాలలో సీసాలతో కాలం గడిపిన నాకు నోరు తెరిస్తే 1896 నాటి బొంబాయే వస్తుంది, మన్నించాలి.

ఆ సెప్టెంబరులో మాండవీలో డాక్టర్ వీగాస్ ప్లేగును గుర్తించారు. మరుసటి నెల కలకత్తా నుంచి క్రిమిశాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్‌ను పిలిపించి, గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులను ఇచ్చారు. ఆయన మాంసరసం మీద నెయ్యి చుక్కలు తేలవేస్తే, వాటి అడుగు నుంచి ప్లేగు క్రిములు మర్రి ఊడల్లా దిగేవి. వాటిని వేడితో చంపి తయారుచేసిన టీకాను 1897 జనవరి 10న ముందుగా తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. మన వంటింటి నెయ్యికి ఈ చరిత్రలో వాటా ఉందని మీలో ఎందరికి తెలుసు?

పుణేలో ప్లేగు పేరిట సైనికుల సోదాలు, ప్లేగు అధికారి ర్యాండ్ హత్య, రోగులకు సేవచేస్తూ సావిత్రీబాయి ఫూలే ప్లేగుకే బలికావడం మీరెరిగినవే కనుక విడిచిపెడుతున్నాను.

1902 అక్టోబరు 30న నాటి పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్లో 107 మందికి ఈ ప్లేగు టీకా వేశారు. వారిలో ఒకే సీసాలోని మందు వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోగా, మిగతా సీసాల మందు పడ్డవారికి ఏమీ కాలేదు. ఆ సీసా తెరిచేముందు పటకారు నేలమీద పడిందని, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని తర్వాత బయటపడింది. అయినా విచారణ సంఘం తప్పును ఆ టీకా తయారుచేసిన హాఫ్‌కిన్ బొంబాయి ప్రయోగశాల మీదే మోపింది. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు. పటకారు నా చేతిలోంచీ జారింది, ఒకసారి కాదు. మంటలో కాల్చేదాకా దాన్ని మళ్లీ సీసా దగ్గరికి రానివ్వలేదు. ఆ 19 ఇళ్ల దుఃఖాన్ని తక్కువచేసి ఈ మాట అనడం లేదు. మందు కాచిన చేతికీ, సీసా తెరిచిన చేతికీ తేడా చూడని విచారణ, ఆ ఇళ్లవారికి మాత్రం ఏం న్యాయం చేసినట్టు?

హాఫ్‌కిన్ పక్షాన గట్టిగా నిలిచినవారిలో మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ ఒకరు. 1907లో ఆయన లండన్ టైమ్స్‌కు లేఖలు రాశారు, తోటి శాస్త్రవేత్తల చేత సంతకాలు చేయించారు. ఆరోపణ వీగిపోయింది గానీ, హాఫ్‌కిన్‌కు బొంబాయి పీఠం తిరిగి దక్కలేదు. ఆ బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టింది 1925లో.

ఏటా ఆగస్టు 20న బేగంపేటలో రాస్‌ను తలచుకునే మిత్రులు ఈ సభలో ఉంటే, ఈసారి దోమ కథ చెప్పాక, దయచేసి ఆ లేఖల సంగతి కూడా చెప్పండి.