ఉత్తరం చదివినవాళ్లు ఏం చేయాలి?

శ్రోతలకు నమస్కారం.

హైస్కూల్లో తెలుగు చెప్పే టీచర్‌ని. ఈ కాస్త సమయంలో ఒక్క విషయమే మాట్లాడతాను. పదో తరగతి దాటి కాలేజీకి, ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్లబోయే పిల్లలకు పనికొచ్చే రాత నేర్పుతున్నామా? ఒక దరఖాస్తు, ఒక అర్జీ, ఒక మెయిల్. చదివినవాళ్లు మళ్లీ ఏమీ అడగకుండా పని చేసిపెట్టగలిగే నాలుగు వాక్యాలు. అంతే నేను అడిగేది.

నేర్పుతున్నామనే అనుకుంటాం. పదో తరగతి తెలుగు పేపర్లో లేఖ వస్తుంది, కరపత్రం వస్తుంది. పైన కుడివైపు స్థలం, తేదీ. తర్వాత సంబోధన. చివర ఇట్లు. కింద చిరునామా. ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది కాబట్టి పిల్లలు అవన్నీ తప్పకుండా పెడతారు. ఇంగ్లీషులో సెలవు చీటీ సంగతి చెప్పనక్కర్లేదు, మీ అందరికీ నోటికి వచ్చు. 'యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.' అక్క పెళ్లికి వెళ్లే పిల్లవాడు కూడా జ్వరమనే రాస్తాడు. అబద్ధం ఆడాలని వాడికి ఉండదు. "మా అక్క పెళ్లి, మూడు రోజులు బడికి రాలేను" అని ఉన్నదున్నట్టు రాయవచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. చేతిలో ఉన్న వాక్యం అదొక్కటే, అదే రాశాడు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పదో తరగతి నామినల్ రోల్స్ తయారయ్యే రోజులు. పరీక్ష రాసే పిల్లల వివరాలన్నీ బడి నుంచి పరీక్షల విభాగానికి పంపే జాబితా అది. పిల్లల పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, చివరికి ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు కూడా అందులో ఉంటాయి. అక్కడ ఏది ఎలా పడితే రేపు మెమో మీద అదే అచ్చవుతుంది. పుట్టిన తేదీకి రుజువేదీ అంటే ఉద్యోగం దాకా, పాస్‌పోర్టు దాకా మనం తీసి చూపించేది ఆ పదో తరగతి మెమోనే. అందుకే పంపేముందు చెక్‌లిస్టు ప్రింటు తీసి, చూసుకుని సంతకం పెట్టమని పిల్లల చేతికిస్తాం.

ఈ అమ్మాయి శ్రద్ధగా చూసుకుంది. నా దగ్గరికొచ్చి, "టీచర్, నా డేట్ ఆఫ్ బర్త్ తప్పు పడింది" అంది. మొహంలో టెన్షన్ కనిపిస్తోంది. "కంగారేం లేదు, హెచ్.ఎం. గారికి దరఖాస్తు రాసుకురామ్మా" అన్నాను. లంచ్ బెల్లులో కూర్చుని రాసుకొచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరీ. పేజీ నిండా ఉంది.

'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారి దివ్యసముఖమునకు, తమ పాఠశాలయందు పదవ తరగతి చదువుచున్న విద్యార్థిని నమస్కరించి వ్రాయు విన్నపము ఏమనగా...' అని మొదలైంది. తర్వాత చదువు విలువ గురించి నాలుగు వాక్యాలు. గురువుల దయ గురించి ఇంకో మూడు. పేజీ చివరికి వచ్చాక, 'నా పుట్టిన తేదీలో తప్పు దొర్లినది, కావున దయయుంచి సరిచేయించగలరని ప్రార్థించుచున్నాను' అని ముగించింది.

తరగతిలో అయితే ఆ ఉత్తరానికి నిండా మార్కులు వేస్తాం. నేను దాన్ని చేతిలో పట్టుకుని, "ఇప్పుడు నేను టీచర్ని కాదు, ఆఫీసులో గుమాస్తాని. నా ముందు మీ పదో తరగతి జాబితా అంతా ఉంది. చెప్పు, తేదీ ఏం తప్పు పడింది?" అన్నాను.

"ఎనిమిదో నెల ఆరో తారీఖు ఉండాలి టీచర్. ఆరో నెల ఎనిమిదో తారీఖు అని పడింది."

"తేదీ, నెల తారుమారయ్యాయన్నమాట. ఆ ముక్క ఉత్తరంలో ఎక్కడుంది?"

లేదు.

"నువ్వు చెప్పిందే సరైనదని నాకెలా తెలుస్తుంది?"

"అడ్మిషన్ రిజిస్టర్లో సరిగ్గానే ఉంది టీచర్. బడిలో చేర్చేటప్పుడు మా అమ్మ బర్త్ సర్టిఫికెట్ ఇచ్చింది."

"అది ఉత్తరంలో ఎక్కడుంది?"

లేదు.

"నీ అడ్మిషన్ నెంబరెంత?" పరుగెత్తుకెళ్లి కనుక్కొచ్చింది. "ఎప్పటిలోగా సరిచేయాలి?" "సోమవారం పంపేస్తారంట టీచర్." "ఉత్తరంలో ఎక్కడుంది?"

మళ్లీ లేదు. నాలుగు ప్రశ్నలు అడిగితే అడ్మిషన్ నెంబరు తప్ప మిగతా మూడింటికీ జవాబు ఆ పిల్లకు తెలుసు. నోటితో గడగడా చెప్పింది. కాగితం మీదికి మాత్రం ఒక్కటీ రాలేదు. దరఖాస్తు అంటే ఇంకేదో పెద్ద భాషలో రాయాలని, తనకు తెలిసిన మాటలు అక్కడ చెల్లవని అనుకుంది.

రెండోసారి రాసింది చదువుతాను, వినండి.

'విషయం: నామినల్ రోల్‌లో పుట్టిన తేదీ సవరణ. గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, నా పుట్టిన తేదీ 06-08-2009. చెక్‌లిస్టులో 08-06-2009 అని పడింది. మన బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో సరైన తేదీయే ఉంది. బర్త్ సర్టిఫికెట్ నకలు జతచేశాను. సోమవారం జాబితా పంపేలోగా సరిచేయించవలసిందిగా కోరుతున్నాను.' కింద పేరు, తరగతి, సెక్షను, అడ్మిషన్ నెంబరు. సంతకం.

హెచ్.ఎం. గారు చదివి, పైన ఒక మూల 'రిజిస్టర్‌తో సరిచూసి సవరించండి' అని రాసి సంతకం చేశారు. ఆఫీసువాళ్లు రిజిస్టర్ తీశారు, చూశారు, మార్చారు. అదే తప్పు మెమో మీద అచ్చయ్యాక తెలిస్తే సంగతి బడి చేతిలో ఉండదు. కాగితాలు ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయం దాకా వెళ్లాలి.

ఈ రెండో ఉత్తరం చూసి తోటి మాస్టారొకరు, "మరీ పొడిగా ఉందేమోనండీ, పెద్దవాళ్లకు రాసేటప్పుడు కాస్త వినయం ఉండాలి కదా" అన్నారు. వినయం ఉండాలి, నేనూ ఒప్పుకుంటాను. 'గౌరవనీయులైన' అని ఒక మాట ఉంది, 'కోరుతున్నాను' అని ఇంకో మాట ఉంది. అవి చాలు. ఆ ఉత్తరం చదివినాయన మళ్లీ పిల్లను పిలిపించి అడగాల్సిన పని లేకుండా పోయింది. నా లెక్కలో అది చాలా పెద్ద మర్యాద.

నిజానికి పిల్లలు ఏ తెలుగులో రాయాలన్నది పాత వాదమే. స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం గ్రాంథికంలోనే రాయాలా, వాడుక భాషలో రాయవచ్చా అని నూరేళ్ల కిందటే మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద పోరాటమే నడిచింది. గిడుగు రామమూర్తి పంతులు గారు, గురజాడ అప్పారావు గారు వాడుక భాష వైపు నిలబడ్డారు. 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాసింది ఆ వాదంలోనే. గిడుగు వారి పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, రేడియో మారింది. పిల్లల దరఖాస్తుల్లో మాత్రం 'వ్రాయు విన్నపము ఏమనగా' ఇంకా పోలేదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

కాలేజీలో, ఉద్యోగంలో అంతా ఇంగ్లీషే కదా, తెలుగులో నేర్పి ఏం లాభం అంటారు కొందరు తల్లిదండ్రులు. మా దగ్గర చదివి డిగ్రీకి వెళ్లిన పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీలకు పంపిన మెయిల్స్ తెచ్చి చూపిస్తుంటారు. సబ్జెక్ట్ గడి ఖాళీ. లోపల 'రెస్పెక్టెడ్ సర్' తర్వాత తన గురించి పెద్ద పేరా. ఏ కోర్సు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పని కావాలి, ఇవేవీ లేవు. ఇంగ్లీషులో తప్పులుంటే ఎవరో ఒకరు దిద్దిపెడతారు. చెప్పాల్సిన సంగతే లేకపోతే దిద్దడానికి ఏముంటుంది? సంగతి వరసగా పెట్టడం సొంత భాషలో వచ్చిన పిల్లకు ఇంగ్లీషులోనూ వస్తుంది. ఇది నేను కళ్లారా చూస్తున్నాను.

అందుకని టీచర్లకు ఒకే ఒక్క పని చెబుతాను. మా తరగతిలో దీన్ని గుమాస్తా ఆట అంటాం. ఒకరు దరఖాస్తు రాయాలి. రాసి పక్కవాళ్లకు ఇవ్వాలి. పక్కవాళ్లే గుమాస్తా. రాసినవాళ్లు నోరు మెదపకూడదు. గుమాస్తా ఆ కాగితం ఒక్కటే చూసి, తాను ఇప్పుడు ఏం చేయాలో పైకి చెప్పాలి. చెప్పగలిగితే ఉత్తరం పాస్. ఏదైనా అడగాల్సి వస్తే ఆ ప్రశ్నను కాగితం అంచున రాసి వెనక్కి ఇవ్వాలి. జవాబు కలిపి మళ్లీ రాయాలి. ఎర్ర సిరా అక్కర్లేదు, ఎక్కువ సమయం పట్టదు. వెనకబెంచీ పిల్లలు ఇందులో చాలా చురుగ్గా ఉంటారు. లోపం పట్టుకోవడంలో వాళ్లకున్న చూపు నాకు ఎంతో ఇష్టం.

ఆటకు ఉత్తుత్తి సంగతులు వద్దు. బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. వీధి లైటు వెలగట్లేదు. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యేసరికి ఊరి బస్సు వెళ్లిపోతోంది. ఇలాంటివి చాలు. పెద్ద పిల్లలైతే సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం దరఖాస్తు తెలుగులోనే రాసుకోవచ్చు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కర్లేదు. మామూలుగా ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాకపోతే ఏ సమాచారం, ఏ సంవత్సరానిది అన్నది తేటగా రాయాలి. 'మా ఊరి రోడ్డు ఎందుకు బాగాలేదు' అని రాస్తే ఉపయోగం లేదు. 'మా ఊరి రోడ్డుకు ఫలానా సంవత్సరంలో మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం, పనుల వివరాల నకళ్లు ఇవ్వండి' అని రాస్తే కాగితం కదులుతుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఈసారి బ్యాంకుకో, కరెంటాఫీసుకో, సచివాలయానికో అర్జీ పెట్టాల్సి వస్తే బయట కూర్చునే రాతగాడి దగ్గరికి వెళ్లకండి. తొమ్మిదో, పదో చదివే మీ పిల్లతో రాయించండి, వెంట తీసుకెళ్లండి. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద 'అందింది' అని సంతకం, తేదీ, ముద్ర వేయించుకోమని ఆ పిల్లకే చెప్పండి. ఆ రెండో కాపీ ఇంట్లో ఫైల్లో పెట్టండి. రేపు మళ్లీ వెళ్లి అడగాల్సి వస్తే, ఏ తేదీన ఇచ్చామో చూపించడానికి పనికొచ్చేది అదే.

నమస్కారం.