ముందు బడి నేర్చుకోవాలి

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ రోజు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రోజు. ఏటా ఈ రోజున వ్యావహారిక భాష గురించి మాట్లాడుకుంటాం. నేను మాత్రం ఆయన మన కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్న సంగతి చెప్పాలని వచ్చాను. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ముందు తెలుగు నేర్చుకుని రండి అనలేదు.

అది తెలిసి కూడా నేను తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీతంపేట ఏజెన్సీలో పనిచేశాను. అప్పటికది మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. రెండో తరగతిలో ఒక సవర పిల్లాడు ఏం అడిగినా తల దించుకునేవాడు. మూడు నెలలు చూసి, వీడికి లెక్కలు రావని తేల్చేశాను. ఒక సంత రోజు వాడే తల్లి పక్కన కూర్చుని కొండచీపుళ్లు అమ్ముతున్నాడు. చిల్లర పైసా తేడా లేకుండా ఇస్తున్నాడు. వాళ్లమ్మ నన్ను చూసి, "బళ్లో ఏటీ అనడా బాబూ? ఇంటికాడ నోరు మూయడు" అంది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

సవర అంటే తెలుగుకి యాస కాదు. ముండా కుటుంబానికి చెందిన భాష అది, మన ద్రావిడ భాషలతో దానికి చుట్టరికమే లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి అంటూనే ఉంది. మర్నాడు ఐదో తరగతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల అంకెలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేను తప్పు పలికితే క్లాసంతా పకపకా నవ్వేది. ఆ నవ్వుల్లోనే వాడి గొంతు మొదటిసారి విన్నాను.

మైదానం బళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. స్కాలర్‌షిప్ కాగితాల కోసం "ఎస్సీ పిల్లలు లేవండి" అని క్లాసులో లెక్కపెడతాం. మనకు రెండు నిమిషాల్లో పనైపోతుంది. లేచి నిలబడిన పిల్లకు అది ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ఆ వివరాలు రిజిస్టర్‌లో ఉన్నాయి, దయచేసి ఆఫీసు గదిలోనే చూసుకోండి. నడవలేని పిల్లల కోసం ర్యాంపు కట్టి, దాని చివరి గేటుకు తాళం వేసిన బడిని కూడా చూశాను.

ఇక వలసలు. తీరం ఊళ్ల నుంచి నాన్నలు గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకు పోతారు. మెట్ట ఊళ్ల వాళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో బిల్డింగ్ పనులకు పోతారు. పిల్లలు మధ్యలో వెళ్లి మధ్యలో వస్తారు. టీసీ ఆలస్యమైందని ఏ పిల్లనీ చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పమంది. అయినా ఇప్పటికీ కొన్నిచోట్ల "కాగితం తెచ్చుకో" అని గుమ్మం నుంచే పంపేస్తున్నారు.

రేపు హాజరు పట్టీ తీసినప్పుడు, వారం రోజులుగా రాని పేరు ఒక్కటి చూడండి. సాయంత్రం ఆ ఇంటికి వెళ్దాం. ఏ ఊరైనా సరే, నేనూ వస్తాను.