18 నిండాక ఏ ఇంటికి?

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో పిల్లలకు 18 ఏళ్లు నిండితే సంబరం. ఓటు వస్తుంది, బండి లైసెన్సు వస్తుంది. బాలసదనంలో పెరిగిన అమ్మాయికి మాత్రం ఆ పుట్టినరోజు దగ్గర పడేకొద్దీ దిగులు. ఇక పెట్టె సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికి వెళ్లాలి? వెళ్లడానికి ఇల్లే ఉంటే సదనానికి ఎందుకు వస్తుంది?

చట్టానికి ఈ సంగతి తెలియకపోలేదు. పిల్లల సంరక్షణ కోసం చేసిన 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, ఆ మరుసటి ఏడాది వచ్చిన నిబంధనలు ఇలాంటివారికి 21 ఏళ్ల వరకు, మరీ అవసరమైతే 23 వరకు ఆసరా ఇవ్వవచ్చన్నాయి. శిక్షణ, ఉపకార వేతనం వంటివి చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను. నాకు నచ్చింది ఒక్కటే. ఆరుగురు, ఎనిమిది మంది కలిసి కొంతకాలం ఉండే ఇల్లు. వంద మంది హాస్టల్ కాదు. ఆరుగురు, ఎనిమిది మంది.

ఎందుకు నచ్చిందో చెబుతాను. సదనంలో గంట కొడితే అన్నం వస్తుంది. ఉప్పు ఎవరు కొన్నారో, కరెంటు బిల్లు ఎవరు కట్టారో పిల్లలకు పట్టదు. అలా పెరిగి, నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి ఇలాంటి ఇంట్లో చేరింది. వంట వంతు వచ్చిన రోజున ఎసట్లో బియ్యం ఎన్ని పోయాలో తెలియలేదు. తను చూసిన కొలతలన్నీ కిలోల్లోనే మరి! గిన్నె పొంగిపొర్లేలా వండింది. మర్నాడు పొద్దున అందరికీ పులిహోర, మధ్యాహ్నం డబ్బాల్లోనూ పులిహోరే. ఇప్పుడు ఆ ఇంటి జమాఖర్చుల పుస్తకం ఆమె చేతిలోనే ఉంది. పాల పాకెట్లు, గ్యాస్ బండ, ఎవరి వాటా ఎంత, అన్నీ రాస్తుంది. ఒక పేజీలో ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాసింది: "షాంపూ ఎవరిది వారే కొనుక్కోవాలి."

సంబంధం చూసి పెళ్లి చేసేస్తే బాధ్యత తీరిపోయిందనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. నేను ఒప్పుకోను. పెళ్లి ఆ అమ్మాయి ఇష్టం, ఎప్పుడైనా చేసుకుంటుంది. ముందు సొంత జీతం, సొంత తాళంచెవి.

చిక్కల్లా ఆ ఇల్లు దొరకడంలోనే ఉంది. ఆరుగురు ఆడపిల్లలు అద్దెకు అడిగితే ఇంటివారి మొదటి ప్రశ్న, "మీ నాన్నగారేం చేస్తారమ్మా?" ఆ ఒక్క ప్రశ్న మానండి. ఏం చదువుతున్నారు, ఎక్కడ పని చేస్తున్నారు, అద్దె ఏ తేదీకి ఇస్తారు అని నిక్షేపంగా అడగండి. ఖాళీ పోర్షన్ ఉన్నవారు టు-లెట్ బోర్డు తగిలించే ముందు, మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగం కార్యాలయంలో ఒక మాట చెప్పి చూడండి. అడ్వాన్సు ఒక నెలకు మించి అడగకపోతే మరీ మంచిది.

సెలవు.