ఒకే లైను, రెండు కంప్యూటర్లు

సభకు నమస్కారం.

ఇంట్లోకి రెండో కంప్యూటర్ వచ్చిన రోజున అందరికీ కలిగే అనుమానం ఒకటుంది. ఉన్న బ్రాడ్‌బ్యాండ్‌ను రెండింటికీ కలిపితే ఒక్కోదానికి సగం స్పీడే కదా మిగిలేది? స్పీడు సంగతి తరువాత చూద్దాం. అంతకంటే ముందు తేలవలసిన చిక్కు అడ్రసుది. సర్వీస్ ప్రొవైడర్ మన ఇంటికి మామూలుగా ఇచ్చేది ఒకే ఒక్క ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో మన ఇంటిని గుర్తించే అంకె. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ (డేటా చిన్న ముక్క) ఆ అడ్రసును పట్టుకుని ఇంటి దాకా చేరుతుంది సరే, లోపల ఉన్న రెండు కంప్యూటర్లలో అది దేనిదో ఎవరు చెప్పాలి?

అడ్రసుల విషయంలో ఈ పిసినారితనానికి కారణం ఉంది. ఐపీ అడ్రసుల పాత తరమైన ఐపీవీ4లో అడ్రసు పొడవు 32 బిట్లు, అంటే మొత్తం కలిపి దాదాపు 429 కోట్లు. వీటిలో పంచడానికి మిగిలిన చివరి బ్లాకులు కూడా 2011 ఫిబ్రవరి 3న ప్రాంతీయ సంస్థలకు వెళ్ళిపోయాయి. ఈ కరవును ఇంజనీర్లు చాలా ముందే పసిగట్టి, ఒకే అడ్రసు వెనుక అనేక కంప్యూటర్లను ఉంచే నాట్ పద్ధతిని 1994లో ప్రతిపాదించారు. 1996 నాటి ప్రమాణ పత్రంలో కొన్ని అడ్రసులను ఇళ్ళకూ ఆఫీసులకూ లోపలి వాడకానికి ప్రత్యేకించారు. ఎవరి రౌటర్ సెట్టింగులు తెరిచి చూసినా తరచుగా 192.168తో మొదలయ్యే అంకెలే కనిపించడానికి కారణం అదే. అవి ఇల్లు దాటితే చెల్లవు.

ఈ నాట్ పనిని ఇంట్లో చేసేది రౌటర్. దాని లోపల జరిగేది ఒక్కసారి దగ్గరగా చూద్దాం. మొదటి కంప్యూటర్ అడ్రసు 192.168.1.2, రెండోదానిది 192.168.1.3 అనుకోండి. రెండూ ఒకే క్షణంలో ఒకే వెబ్‌సైట్‌ను అడిగాయి, కాకతాళీయంగా రెండూ తమ వైపు 51000 అనే పోర్టు నంబరునే (ప్యాకెట్ ఏ సంభాషణకు చెందిందో చెప్పే అంకె) ఎంచుకున్నాయి. రౌటర్ రెండు ప్యాకెట్ల మీదా లోపలి అడ్రసు తీసేసి ఇంటి బయటి అడ్రసు వేస్తుంది. మొదటిదాని పోర్టును 51000గానే ఉంచి, రెండోదాన్ని, ఉదాహరణకు, 51001గా మారుస్తుంది. ఏది ఎవరిదో తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు 51001కి వచ్చినప్పుడు పట్టిక చూసి, మళ్ళీ 51000గా మార్చి రెండో కంప్యూటర్‌కు అందిస్తుంది. ఈ మార్పు జరిగినట్టు వెబ్‌సైట్‌కూ తెలియదు, కంప్యూటర్‌కూ తెలియదు. కొంతసేపు రాకపోకలు లేకపోతే ఆ వరుసను కొట్టేస్తుంది. పట్టికలో వరుస లేని ప్యాకెట్ పిలవని పేరంటంలాంటిది, గుమ్మంలోనే ఆగిపోతుంది.

రౌటర్లు ఇంటింటికీ రాకముందు ఈ పని కంప్యూటరే చేసేది. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనే సౌకర్యం ఉండేది. మొదటి కంప్యూటర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి, ఒకదానికి మోడెమ్‌నూ, ఇంకోదానికి, రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే క్రాసోవర్ కేబుల్‌తో రెండో కంప్యూటర్‌నూ తగిలించేవారు. మొదటిది ఆపేస్తే రెండోదానికి నెట్ పోతుంది. ఆ ఒక్క ఇబ్బంది వల్లనే ఇంట్లో ఎన్ని గొడవలు జరిగాయో లెక్క లేదు.

ఇప్పుడు రౌటర్‌తో పని తేలికే, కానీ నేను ఒక పూట పోగొట్టుకున్న పొరపాటు చెప్పాలి. దూరపు గదిలోని కంప్యూటర్ కోసం, మూలన పడి ఉన్న పాత రౌటర్‌ను పెట్టి, కొత్తదాని లాన్ పోర్టు (ఇంటి కంప్యూటర్లను తగిలించే సాకెట్) నుంచి కేబుల్ లాగి, దాని లాన్ పోర్టుకే తగిలించాను. దీపాలన్నీ వెలిగాయి, కంప్యూటర్‌కు అడ్రసూ వచ్చింది, నెట్ మాత్రం ఒకసారి వస్తుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. లైనులో లోపమేమోనని వెతుకుతూ కూర్చున్నాను. చివరికి కంప్యూటర్ నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ ఆదేశం ఇచ్చి, గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్) గడిలోని అంకె చూశాక తెలిసింది: అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ రెండు రౌటర్లలోనూ నడుస్తోంది, ముందు పలికిన దాని మాట చెల్లుతోంది. పాతది పలికిన రోజున, బయటికి దారే లేని తనను గేట్‌వేగా చూపిస్తోంది. పాతదానిలో డీహెచ్‌సీపీ ఆపి, దాని సొంత అడ్రసును కొత్తది పంచే వరుసలో లేని అంకెకు మార్చగానే అంతా కుదుటపడింది.

ఇక స్పీడు. 100 ఎంబీపీఎస్ లైను అంటే సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లకో బైటు లెక్కన 12.5 మెగాబైట్లు. ఒకరు పేజీ చదువుతూ కూర్చుంటే లైను దాదాపు ఖాళీ, రెండోవారికి పూర్తి స్పీడు అందుతుంది. ఇద్దరూ ఒకేసారి పెద్ద ఫైళ్ళు దించుకుంటే పంపకం జరుగుతుంది, అదీ కంప్యూటర్ల లెక్కన కాదు, ఇంచుమించు కనెక్షన్ల (సర్వర్‌తో సాఫ్ట్‌వేర్ తెరిచే ఒక్కో లింకు) లెక్కన. తొమ్మిది కనెక్షన్లు తెరిచిన డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ ముందు ఒకే కనెక్షన్ తెరిచిన బ్రౌజర్‌కు పదో వంతు దక్కితే ఆశ్చర్యం లేదు.

అయితే నా అనుభవంలో అసలు బాధ డౌన్‌లోడ్‌లో కాదు, అప్‌లోడ్ క్యూలో ఉంది. అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ ఉన్న లైను తీసుకోండి. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి బయటికి పోవడానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక కంప్యూటర్ ఫోటోలు ఎక్కిస్తూ మోడెమ్ బఫర్‌లో (ప్యాకెట్లు తమ వంతు కోసం ఆగే చోట) 100 ప్యాకెట్లు పేర్చిందంటే, రెండోదాని వీడియో కాల్‌లోని చిన్న ప్యాకెట్ వాటి వెనుక 1.2 సెకన్లు నిలబడాలి. మాట తెగిపోతుంది, బొమ్మ నిలిచిపోతుంది. డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది, ఎందుకంటే అందిన ప్రతి భాగానికీ పంపవలసిన రసీదులు సైతం ఆ క్యూలోనే చిక్కుకుంటాయి. అప్పుడు మనం డౌన్‌లోడ్ స్పీడు పెంచే పెద్ద ప్లాను తీసుకుంటాం, ఆ క్యూ మాత్రం కదలదు.

దీనికి మందు క్యూను తెలివిగా నడపడం. 2018లో ప్రయోగాత్మక పత్రంగా వెలువడిన ఎఫ్‌క్యూ కోడెల్ పద్ధతి, ఒక్కో ప్రవాహానికి వేరు వరుస కట్టి, తక్కువ ప్యాకెట్లు పంపే కాల్‌కు త్వరగా దారి ఇస్తుంది. కొన్ని రౌటర్లలో ఇది ఎస్‌క్యూఎం అనే పేరుతో ఉంటుంది. అక్కడ అప్‌లోడ్ పరిమితిని లైను నిజమైన వేగం కంటే కాస్త తక్కువగా పెట్టాలి, అలా పెడితేనే క్యూ మోడెమ్‌లో కాక రౌటర్ చేతిలో ఉంటుంది. మీ ఇంట్లో ఈ జబ్బు ఉందో లేదో చూడాలంటే, ఒక కంప్యూటర్‌లో పింగ్ (జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం చూపే ఆదేశం) నడుపుతూ రెండోదాని నుంచి పెద్ద ఫైలు ఎక్కించండి. అప్పటిదాకా 20 మిల్లీసెకన్లు చూపిన అంకె వందలు దాటి వేలకు పాకిందంటే ప్లాను మార్చే ముందు రౌటర్ సెట్టింగులు తెరవండి.