అలీ, ఫ్రేజియర్: రింగ్ బయట తగిలిన దెబ్బలు

[తెరపై: న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్, 1971 మార్చి 8]

బాక్సింగ్ పోరులో చివరిదైన పదిహేనో రౌండు. జో ఫ్రేజియర్ ఎడమ చేతి హుక్, అంటే పక్క నుంచి వంపుగా విసిరే గుద్దు, దవడకు తగిలి మహమ్మద్ అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచి చివరిదాకా పోరాడాడు. కానీ తీర్పు చెప్పిన ముగ్గురూ ఫ్రేజియర్‌కే ఓటు వేశారు. ఆ రాత్రి వరకు ఇద్దరికీ ఓటమి అంటే ఏమిటో తెలియదు. చెరో 25 లక్షల డాలర్లు ముట్టిన ఆ పోరును శతాబ్దపు పోరు అన్నారు.

ఈ కథ మనకు ఎప్పుడూ అలీ వైపు నుంచే వినిపిస్తుంది. ఈసారి ఫ్రేజియర్ వైపు కూర్చుని విందాం.

[తెరపై: దక్షిణ కరోలినా పొలాలు]

ఫ్రేజియర్ పుట్టింది బ్యూఫోర్ట్ దగ్గర, పేద వ్యవసాయ కుటుంబంలో. చిన్నప్పుడు పంది తరిమితే పడి ఎడమ చేతికి దెబ్బ తగిలింది. వైద్యం చేయించే స్తోమత ఇంట్లో లేదు. ఆ చేయి మళ్లీ పూర్తిగా చాపుకోలేకపోయాడు. అలీని పడగొట్టింది అదే చేయి! తర్వాత ఫిలడెల్ఫియా వెళ్లి కబేళాలో పని చేశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో చేతి బొటనవేలు విరిగినా స్వర్ణం గెలిచాడు.

1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనని అలీ తెగేసి చెప్పాడు. ప్రపంచ ఛాంపియన్ టైటిల్ పోయింది, బాక్సింగ్ లైసెన్సు పోయింది, మూడున్నరేళ్లు రింగ్‌కు దూరమయ్యాడు. ఆ రోజుల్లో ఫ్రేజియర్ అతనికి డబ్బు సర్దాడు. లైసెన్సు తిరిగి ఇవ్వాలని అతని తరఫున మాట్లాడాడు. తర్వాత జరిగిందంతా ఈ సంగతి మనసులో పెట్టుకుని చూడాలి.

పోరు ఖాయం కాగానే అలీ ఫ్రేజియర్‌ను అంకుల్ టామ్ అన్నాడు. అంటే తెల్లవాళ్ల అడుగులకు మడుగులొత్తే నల్లవాడు అని. కబేళాలో ఒళ్లు వంచి పనిచేసి పైకొచ్చినవాడు ఫ్రేజియర్. సొంత జాతికి ద్రోహి అనిపించుకోవడం అతనికి ఎంత మంట పుట్టించి ఉంటుంది! అతని పిల్లలు బడిలో ఎగతాళి పడ్డారు. టికెట్లు అమ్ముకోవడానికి ఇంత దూరం వెళ్లాలా? అలీ ధైర్యం మీద నాకెంత గౌరవం ఉన్నా, ఇక్కడ మాత్రం అతను చేసింది అన్యాయమే.

1974 జనవరిలో రెండో పోరు. అంతకు ముందు ఒక టీవీ స్టూడియోలోనే, పాత పోరు వీడియో చూస్తూ ఇద్దరూ కలబడ్డారు. అలీ అజ్ఞాని అన్నాడు, ఫ్రేజియర్ లేచాడు, అంతే. రింగ్‌లో పాయింట్ల మీద అలీ గెలిచాడు.

[తెరపై: ఫిలిప్పీన్స్, మనీలా, 1975 అక్టోబర్ 1]

మూడోసారి మాటలు ఇంకా దిగజారాయి. మనీలా, గొరిల్లా అని ప్రాస కట్టి, విలేకరుల ముందు రబ్బరు గొరిల్లా బొమ్మను గుద్ది నవ్వించాడు అలీ. అమెరికా ప్రేక్షకుల కోసం పోరు ఉదయమే పెట్టారు. హాలంతా ఉక్కపోత. మొదట్లో అలీ ఆధిక్యం, మధ్యలో ఫ్రేజియర్, ఆపై మళ్లీ అలీ. పద్నాలుగో రౌండు ముగిసేసరికి ఫ్రేజియర్ కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కంటి చూపు ముందునుంచే అంతంత మాత్రం. శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు. ఫ్రేజియర్ వద్దని బతిమాలాడు. ఫచ్ వినలేదు, పోరు ఆపించాడు. అలీ గెలిచాడు. చావుకు అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్లలేదని ఆ తర్వాత అలీ చెప్పాడు.

పోరు ముగిసింది, పగ ముగియలేదు. 1996లో వణికే చేతులతో అలీ అట్లాంటా ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తుంటే లోకం కళ్లు చెమర్చాయి. అతన్ని ఆ మంటల్లోకి తోసి ఉండేవాణ్ని అన్నాడు ఫ్రేజియర్. కఠినమైన మాట, సమర్థించలేం. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

2001లో అలీ ఒక పత్రిక ద్వారా క్షమాపణ చెప్పాడు. పోరుకు ప్రచారం కోసమే అన్నానన్నాడు. ఆ మాట పత్రికకు కాదు, తనకే చెప్పాలన్నాడు ఫ్రేజియర్. అదే ఏడాది ఇద్దరి కూతుళ్లు లైలా, జాకీ రింగ్‌లో తలపడ్డారు. లైలా గెలిచింది.

2011 నవంబరులో కాలేయ క్యాన్సర్‌తో ఫ్రేజియర్ చనిపోయాడు. అంత్యక్రియలకు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుతో కుంగిన అలీ కూడా వచ్చాడు.

మనీలా వీడియో దొరికితే చివరి రెండు రౌండ్లు చూడండి. అలీ కుడి చేతి దెబ్బలు ఫ్రేజియర్‌కు ఎడమ వైపు నుంచి, అతనికి సరిగా కనిపించని వైపు నుంచి వస్తుంటాయి. అయినా అతను ముందుకే నడుస్తుంటాడు.